పులి అంటే డబ్బులట!

మొన్న ఎండాకాలంలో ఒకనాడు ప్రొద్దు గూకిన తరువాత మిద్దె మీద చాప పరచుకుని కూర్చున్నాను. ప్రొద్దుటూరు ఎండలు ఎరిగినవారికి ఆ వేళ వీచే గాలి విలువ చెప్పనక్కరలేదు. అంతలో ఫోను మోగింది. చేసింది మా మనవరాలు, మా కూతురి కూతురు. జార్జియా దేశంలో డాక్టరు చదువు చదువుతోంది.

"తాతా, ఈ పొద్దు యాభై లారీలు పోగొట్టుకున్నా!" అంది ఏడుపు గొంతుతో.

నా గుండె గుభేలుమంది. మా అల్లుడికి జమ్మలమడుగులో ఉన్నదల్లా ఒక చిన్న బట్టల అంగడి. లారీ అన్నది వాళ్ల వంశంలోనే లేదు. "యాభై లారీలేంది తల్లీ? ఎవరివి? యాడ పోయినాయి?" అన్నాను.

అవతలి నుంచి ఏడుపు ఆగి నవ్వు మొదలైంది. అక్కడి రూపాయి పేరు లారి అట. 1995 నుంచీ ఆ దేశంలో చెలామణి అవుతున్న నాణెం అదే. సంచిలో పెట్టుకున్న యాభై లారీలు బస్సులో ఎక్కడో జారిపోయాయి. అంతే సంగతి.

"ఇంకా విను తాతా. ఇక్కడ రొట్టెను పూరి అంటారు. నాన్నను మామ అంటారు. అమ్మను దెద అంటారు. డబ్బును ఏమంటారో చెప్పు చూద్దాం? పులి!"

ఆ మాట చెవిన పడగానే నాకు యాభై లారీల సంగతే మరుపుకు వచ్చింది. గబగబా కిందికి దిగి బీరువాలోంచి నా పుస్తకం తీశాను.

ఆ పుస్తకం సంగతి పాఠకులకు ముందుగా చెప్పాలి. నేను తెలుగు పండితుడిగా ముప్ఫై రెండేళ్లు పని చేశాను. అందులో ఎక్కువ కాలం జమ్మలమడుగులోనే గడిచింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక పిచ్చి పట్టుకుంది. ప్రపంచంలోని భాషలన్నీ మన తెలుగులోంచే పుట్టాయని రుజువు చెయ్యాలని! ఏ దేశపు మాటైనా మన మాటలా వినబడితే చాలు, ఆ పుస్తకంలోకి ఎక్కించేవాణ్ణి. నలభై ఏళ్లలో మూడు వందల పేజీలు నిండాయి. కాశ్మీరు పక్కనున్న జమ్మూ నగరం మన జమ్మలమడుగు వాళ్లు కట్టిందే అని మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. దాన్నిబట్టి మిగతా పేజీల సంగతి మీరే ఊహించుకోవచ్చు.

ఆ రాత్రి "పులి = డబ్బు, జార్జియా" అని రాసి కింద రెండు గీతలు గీశాను. మనవరాలు ఇంకొక ముక్క కూడా చెప్పింది. "మన పులి మాదిరి కాదు తాతా, ఫలం అన్నప్పటి ఫ మాదిరి ఒత్తి పలకాల. రొట్టె పూరిలో ప ఇంకో రకం, గొంతు బిగబట్టి టక్కున విడవాల" అంది. ఆ ముక్క నేను విన్నాను. విని కూడా రాయలేదు. ఒత్తు రాస్తే పులి పులి కాకుండా పోతుంది కదా! అది దొంగ లెక్క అని ఆ రాత్రి నాకు తోచలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మర్నాటికి సిద్ధాంతం తయారైంది. మా ప్రాంతానికి పూర్వం రేనాడు అని పేరు. ఏలినవారు రేనాటి చోళులు. చోళుల జెండా మీద పులి ఉంటుందని చరిత్ర పుస్తకాల్లో చదివాము. ఇక నా అత్తగారి ఊరు పులివెందుల. పులులు మందలు మందలుగా తిరిగిన తావు కనుక పులిమందల అన్నారనీ, అదే పులివెందుల అయిందనీ అక్కడి పెద్దలు చెప్పుకునే కథ. ఇంకేం కావాలి? మన రేనాటి వర్తకులు పులిముద్ర ఉన్న నాణేలు పట్టుకుని నల్లసముద్రం ఒడ్డుదాకా పోయారు, అక్కడివారు ఆ నాణేన్నే పులి అన్నారు, ఆ మాట అట్లాగే నిలిచిపోయింది!

ఈ సంగతి నాతోపాటు పని చేసిన ఒక మిత్రుడికి చెప్పాను. ఆయన ఉప్పొంగిపోయాడు. "ఏమయ్యవారూ! ఇన్నాళ్లూ ఇంత గొప్ప సంగతి కడుపులో పెట్టుకుని ఊరకున్నారే! ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. పిల్లలు మూడు నాలుగు వందల మంది వస్తారు. మీరు ఈ విషయమే మాట్లాడాల" అన్నాడు. నేను సరేనన్నాను. కరపత్రం కూడా అచ్చయింది: "ప్రపంచ భాషలకు తల్లి మన తెలుగు".

సభకు ఇంకా నాలుగు వారాల గడువుంది.

పులిహోరలో పులి

మొదటి దెబ్బ వంటింట్లో తగిలింది. ఆ శనివారం మా ఇంటామె పులిహోర కలుపుతోంది. నేను పీట వేసుకుని కూర్చుని, పులివెందుల ఆడబిడ్డ పులిహోర చెయ్యడంలోని అందం గురించి, పులి అన్న మాట మహిమ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను.

ఆమె చెయ్యి ఆపకుండానే, "పులిహోరలో పులి యాడుందయ్యా? ఉండేది చింతపండు గదా. మాటలు చాలుగానీ, ఆ తాలింపు గిన్నె ఇట్లా అందియ్యి" అంది.

గిన్నె అందించాను. కానీ ఆ మాట నన్ను వదలలేదు. నిజమే కదా! పులిహోరలో, పులుసులో, పులుపులో, పులిసిన పిండిలో ఉన్న పులి అడవిలో తిరిగే పులి కాదు. పుల్లని ఓగిరం పులిహోర. ఓగిరం అంటే అన్నం. ఇంట్లో రోజూ వాడుకునే మాటలోనే, ఒకే చప్పుడు వెనుక, ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని రెండు పులులున్నాయి. ముప్ఫై రెండేళ్లు తెలుగు చెప్పిన నాకు అది ఏనాడూ తట్టలేదు.

మన ఇరుగుపొరుగు భాషల్లో ఈ రెండు మాటలూ ఇంకా వేరువేరుగానే ఉన్నాయి. తమిళంలో అడవి మృగం పులి, చింతపండు పుళి. ఒకటి ల, రెండోది ళ. కన్నడంలో మృగం హులి, పులుపు హుళి. మలయాళంలో కూడా ఇదే తేడా ఉంది. పైగా అక్కడ పులి అంటే చిరుతపులి. పెద్దపులిని కడువ అంటారు. మన తెలుగు నోట మాత్రం ఆ ళ ల అయిపోయింది. దాంతో రెండు మాటలూ ఒకే అంగీ తొడుక్కున్నట్టు కనబడుతున్నాయి.

ఇన్ని దేశాలకూ మనవాళ్లేనా?

రెండో దెబ్బ మళ్లీ ఫోనులోనే వచ్చింది. నా సిద్ధాంతం మొత్తం మనవరాలికి వినిపించాను. ఆ పిల్ల ఓపికగా విన్నది. "రెండు రోజులు టైమియ్యి తాతా" అని పెట్టేసింది. మూడోనాడు చెప్పుకొచ్చింది:

"హంగేరీ దేశంలో పులి అంటే ఒక జాతి కుక్క. గొర్రెలు కాసేవాళ్లు పెంచుతారు. ఒళ్లంతా జడలు జడలుగా వెంట్రుకలు వేలాడుతుంటాయి. రష్యాలో పూల్య అంటే తుపాకీ గుండు. ఒకటికంటే ఎక్కువుంటే పూలి. తుర్కీలో పుల్ అంటే కవరు మీద అంటించే తపాలా బిళ్ల. ఆఫ్గనిస్తాన్‌లో రూపాయికి పైసల మాదిరి, ఒక ఆఫ్గానీకి నూరు పుల్. మళ్లీ అదే దేశంలో పులి ఖుమ్రీ అని ఒక ఊరుంది. అక్కడ పుల్ అంటే వంతెన. తైవాన్ దీవి నడుమ కొండల్లో పులి అని ఇంకో ఊరుంది. తాతా, ఇన్ని దేశాలకూ పులివెందులోళ్లే పోయినారా?"

నాకు నోట మాట రాలేదు.

వంతెన పుల్ మనకు తెలియనిదేమీ కాదు. హైదరాబాదులో మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్ ఆ పుల్లే. పారసీక భాషలో వంతెన అని అర్థం. తెలుగువాళ్లం పూల్ అని రాసుకుంటాం కనుక చిన్నప్పుడు నేను అక్కడ పూలు అమ్ముతారు కాబోలు అనుకునేవాణ్ణి. జార్జియాలో డబ్బు అనే మాట కూడా మన వర్తకులు మోసుకుపోయింది కాదు. రోమకుల కాలంలో ఫొల్లిస్ అని ఒక నాణెం ఉండేది. ఆ పేరే అరబ్బుల నోట ఫల్స్ అయింది. ఆ మాటల చుట్టరికంలోనిదే జార్జియా ఫులి అని పండితులు చెబుతారు. నేను రాయకుండా వదిలేసిన ఒత్తు చూశారా, అది ఫ కు సాక్ష్యం! దాన్ని దాచి సిద్ధాంతం కట్టాను.

జార్జియా అన్న పేరుకు కూడా ఇదే గతి. అమెరికాలో జార్జియా అని ఒక రాష్ట్రం ఉంది. అది ఇంగ్లండు రాజు 2వ జార్జి పేరు మీద 1732లో పెట్టిన పేరు. నల్లసముద్రం ఒడ్డున ఉన్న జార్జియావారు తమ దేశాన్ని సకార్త్వేలో అంటారు. పారసీకులు గుర్జ్ అన్నారు. ఆ పిలుపే ఐరోపా నోళ్లలో పడి జార్జియా అయింది. ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకే పేరు. కాని రెంటికీ చుట్టరికం లేదు.

అప్పుడు నా పుస్తకం మొదటి పేజీ గుర్తుకు వచ్చింది. జమ్మలమడుగులోని జమ్ము అంటే నీళ్లలో పెరిగే రెల్లు వంటి గడ్డి. జమ్ము పెరిగిన మడుగు గనుక జమ్మలమడుగు అని పెద్దలు చెబుతారు. పక్కనే పెన్న పారుతోంది, మడుగులకేం కొదవ? కాశ్మీరం దాపున ఉన్న జమ్మూకు జంబులోచనుడనే రాజు పేరు వచ్చిందని అక్కడివారి ఐతిహ్యం. ఎర్ర సిరాతో రాసుకున్నది నా కళ్ల ముందే వెలవెలబోయింది.

అసలు చుట్టాలు ఎవరు?

ఆ నాలుగు వారాలూ గ్రంథాలయానికి ఉద్యోగానికి పోయినట్టు పోయాను. ఇన్నేళ్లూ వెతికినదాన్ని ఇప్పుడు తిరగవేసి వెతికాను. మాటల చుట్టరికం పోలికతో తేలదనీ, తేడాతో తేలుతుందనీ అప్పుడు అర్థమైంది. వినడానికి వింతగా ఉంది కదూ? మీరే చూడండి.

మన పాలు కన్నడంలో హాలు. పాము హావు. పువ్వు హూవు. పంది హంది. పండు హణ్ణు. పుండు హుణ్ణు. పల్లె హళ్ళి. పొగ హొగె. పులి హులి. మనం ప అన్నచోటల్లా వాళ్లు హ అంటున్నారు. ఒక మాటలో మారి ఇంకో మాటలో ఊరుకోవడం లేదు. వరస తప్పకుండా మారుతోంది. పాత కన్నడంలో వాళ్లదీ ప కారమే. పదో శతాబ్దం తరువాత మెల్లమెల్లగా హ అయింది. ఇట్లా లెక్క తప్పకుండా నడిచే తేడాయే ఒక తల్లి పిల్లలన్నదానికి గుర్తు. తుళువారికి ఇదే పులి పిలి అయింది. మంగుళూరులో దసరాకు పిలివేషం కడతారు. మన ఊళ్లలో పీర్ల పండుగకు కట్టే పులివేషానికి అది తోబుట్టువే.

ఇప్పుడు మా ఊరి పేరే తీసుకోండి. ప్రొద్దు అంటే సూర్యుడు. సంస్కృతం చేసి బ్రధ్నపురి అన్నారు. బ్రధ్నుడన్నా సూర్యుడే. ప్రొద్దు వాడుకలో పొద్దు అయింది. కన్నడిగుణ్ణి పొద్దును ఏమంటావని అడిగితే హొత్తు అంటాడు. తమిళుణ్ణి అడిగితే పొళుదు అంటాడు. పొద్దు, హొత్తు, పొళుదు! పైకి చూస్తే ఒక్క పోలిక కనబడదు. నా పాత పుస్తకంలో వీటికి చోటే దొరికేది కాదు. కాని ఈ మూడూ ఒక ఇంటి బిడ్డలు. ఎక్కడో నల్లసముద్రం ఒడ్డున అచ్చం మన పులిలాగా వినబడేది పరాయిది. పక్క ఊరి సంతలో వినబడే హొత్తు మన రక్తసంబంధం.

ఈ లెక్కను మొదట తేల్చినవారిలో ఎల్లిస్ దొర ఒకడు. మద్రాసులో కలెక్టరుగా ఉండేవాడు. 1816లో కాంబెల్ దొర రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమనీ, అవి సంస్కృతంలోంచి పుట్టినవి కావనీ నిరూపించాడు. కాల్డ్‌వెల్ పెద్ద పుస్తకం వచ్చింది 1856లో, అంటే దానికి నలభై ఏళ్ల తరువాత. 1961లో బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు ఈ కుటుంబపు మాటలన్నిటినీ ఏర్చి ఒక నిఘంటువుగా కూర్చారు. అందులో అడవి పులికి ఒక చోటు, చింతపండు పులికి ఇంకొక చోటు. మా ఇంటామె వంటింట్లో చెప్పిన తీర్పే!

ఎరువు సొమ్ము, పసిపిల్లల మాట

చుట్టరికం లేకపోయినా మాటలు కలవడానికి ఇంకా మార్గాలున్నాయి. ఒకటి ఎరువు తెచ్చుకోవడం. మన అలమర, మేస్త్రి, బొత్తాం, తువాలు, అనాస, ఇవన్నీ ఓడలెక్కి వచ్చిన పోర్చుగీసువారి నుంచి మనకు అందినవే. బట్టలకు చేసే ఇస్త్రీకీ స్త్రీకీ ఏ సంబంధమూ లేదు. సాగదీయడం అనే అర్థమున్న పోర్చుగీసు మాట అట్లా మారింది. మనమూ ఊరికే తీసుకోలేదు, ఇచ్చాం కూడా. ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట మన పందికొక్కే. ఆ పేరునే తెల్లవాళ్లు ఆస్ట్రేలియాకు మోసుకుపోయి, పొట్టకు సంచి ఉండే వేరే జంతువుకు తగిలించారు. ఇప్పుడు అక్కడి బాండికూట్‌కూ మన ఇంటి వెనక పందికొక్కుకూ పేరు తప్ప పొత్తు లేదు.

రెండోది పసిపిల్లల నోటి మాట. జార్జియాలో మామ అంటే తండ్రి, మనకు మేనమామ, ఇంగ్లీషువాడికి తల్లి. ఇదేమి వింత అంటే, పెదవులు కలిపి విడిస్తే వచ్చే మ, ప, బ లు ఏ దేశపు బిడ్డకైనా మొదట పలికే చప్పుళ్లు. బిడ్డ "మామా" అనగానే ఎదురుగా ఉన్నవాళ్లు నన్నే పిలిచాడని మురిసిపోతారు. ఒక దేశంలో తల్లి మురిసింది, ఒక దేశంలో తండ్రి. రోమన్ యాకొబ్సన్ అనే భాషావేత్త దీనిమీద పెద్ద వ్యాసమే రాశాడు. ఉయ్యాలలో బిడ్డకు తెలుగు ఎవరూ నేర్పలేదు, జార్జియా భాష కూడా నేర్పలేదు.

మూడోది ఒట్టి కాకతాళీయం. ప్రపంచంలో దాదాపు ఏడు వేల భాషలున్నాయి. మనుషుల నోటికి వచ్చే చప్పుళ్లు కొన్నే. రెండక్షరాల మాటలు ఎక్కడో ఒకచోట కలవకుండా ఎట్లా ఉంటాయి? ఆస్ట్రేలియా ఈశాన్యాన ఎంబబరమ్ అనే ఆదివాసుల భాష ఉండేది. డిక్సన్ అనే పండితుడు పోయి కుక్కను ఏమంటారని అడిగితే "డాగ్" అని జవాబు వచ్చింది! ఇంగ్లీషు నేర్చి చెప్పారేమో అనుకున్నాడు. కాదు. చుట్టుపక్కల భాషల్లో కుక్కను గుడగ అంటారు. అదే వాళ్ల నోట వరస ప్రకారం అరిగి డాగ్ అయింది. చప్పుడూ కలిసింది, అర్థమూ కలిసింది, చుట్టరికం మాత్రం సున్న.

యాభై మంది పిల్లలున్న తరగతిలో ఇద్దరు ఒకే తేదీన పుట్టినవారు ఉండటం నూటికి తొంభై ఏడు పాళ్లు ఖాయమని లెక్కల అయ్యవార్లు చెబుతారు. ఒకే తేదీన పుట్టినంత మాత్రాన వాళ్లు కవలలవుతారా?

సభ

ఆగస్టు 29 వచ్చింది. జేబులో కాగితాలు రెండు కట్టలుగా పెట్టుకుని బయలుదేరాను. ఒకటి పాత ఉపన్యాసం. దానికి చప్పట్లు ఖాయం. రెండోది కొత్తది. దానికి ఏమొస్తుందో తెలియదు. వేదిక ఎక్కేదాకా ఏది తీస్తానో నాకే తెలియలేదంటే నమ్మండి. నలభై ఏళ్ల కష్టం కదా! ఎదురుగా వందలమంది పిల్లలు. నా దగ్గర చదివినవాళ్ల పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. వాళ్ల నాయనలకు తరగతిలో జమ్మూ కథ చెప్పింది నేనే.

పిల్లల ముఖాలు చూశాక రెండో కట్టే తీశాను.

"నాయనలారా, కరపత్రంలో వేసింది తప్పు. ఆ తప్పు నాది" అని మొదలుపెట్టాను. యాభై లారీల కథ చెప్పగానే పిల్లలు విరగబడి నవ్వారు. హంగేరీ కుక్క, తైవాను ఊరు, పులిహోర అన్నీ చెప్పాను. పాలు, పాము, పంది అని నేను ఒక్కొక్కటే అంటుంటే, హాలు, హావు, హంది అని వాళ్లే అందుకున్నారు. మూడో మాటకే సూత్రం పట్టేశారు. "పేను?" అన్నాను. "హేను!" అని హాలంతా దద్దరిల్లింది. నేను చెప్పలేదు, వాళ్లే కనిపెట్టారు. కన్నడం రాని పిల్లలు కన్నడ మాట కనిపెట్టిన ఆ క్షణాన నా నలభై ఏళ్ల పుస్తకం బరువు దిగిపోయినట్టయింది.

మిత్రుడికి మాత్రం కోపం వచ్చింది. సభ ముగిశాక పక్కకు పిలిచి, "తెలుగు పండగనాడు తెలుగును తక్కువ చేస్తిరే అయ్యవారూ! తల్లిని ఎవరైనా అట్లా చేస్తారా?" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ అభిమానం అబద్ధం కాదు. అందుకే జవాబు జాగ్రత్తగా చెప్పవలసి వచ్చింది.

"ఈ పండుగ ఎవరి పుట్టినరోజు?" అన్నాను.

"గిడుగు రామమూర్తి పంతులుగారిది. ఎవరికి తెలియదు?"

"1863లో పుట్టిన ఆ మహానుభావుడు వాడుక తెలుగు కోసం ఎంత పోరాడాడో, అడవిలో ఉండే సవరల భాష కోసమూ అంత పాటుపడ్డాడు. సవర మన కుటుంబపు భాష కాదు, ముండా కుటుంబానిది. ఆయన దానికి వ్యాకరణం కట్టాడు. 1931లో ఆ పుస్తకం అచ్చయింది. ఒక్కచోటైనా సవర తెలుగులోంచి పుట్టిందని అన్నాడా? ఉన్నది ఉన్నట్టు విని, ఉన్నట్టు రాశాడు. ఒత్తు ఉంటే ఒత్తు రాశాడు. నేను ఒత్తు కొట్టేశాను."

మిత్రుడు కాసేపు మాట్లాడలేదు.

"ఇంకో మాట," అన్నాను. "మనకు గొప్ప లేకపోతే కదా ఎరువు తెచ్చుకోవడం! ప్రొద్దుటూరుకు కూతవేటు దూరంలో ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల ఉంది. రేనాటి చోళుడు ధనంజయుడు అక్కడ సుమారు 575లో వేయించిన శాసనం తెలుగులో ఉంది. మనకు దొరికిన తెలుగు శాసనాలలో అది అన్నిటికంటే పాతదని పండితులు చెబుతారు. జార్జియావారి రాతి శాసనాలు 5వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. ఇద్దరమూ ఇంచుమించు ఒకే ఈడువాళ్లం. ఒకరు ఇంకొకరి బిడ్డ ఎట్లా అవుతారు? వాళ్ల తల్లి వాళ్లది, మన తల్లి మనది. ఊరందరికీ తల్లి అంటే తప్ప మన తల్లికి గౌరవం లేదా?"

ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని, "ఆ హంగేరీ కుక్క నిజంగా జడలేసుకుని ఉంటుందా?" అన్నాడు. నేను ఫోనులో బొమ్మ చూపించాను. చూసి, ఆపుకోలేక నవ్వేశాడు.

ఆ రాత్రి మనవరాలికి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. "అయితే ఆ పుస్తకం పారేసినావా తాతా?" అంది.

పారెయ్యలేదు. మూడు వందల పేజీల కింద అడ్డంగా ఒక గీత గీసి, "ఇవి విన్నవి, చుట్టాలు కావు" అని రాశాను. పాత పేజీకి పోయి పులి మీద ఒత్తు పెట్టి ఫులి అని దిద్దాను. ఆ తరువాత ఒక తెల్లకాగితం తిప్పి మొదటి వరసలో "పొద్దు, హొత్తు, పొళుదు" అని రాసుకున్నాను.

"ఇంకేం కొత్త మాటలున్నాయి తల్లీ?" అని అడిగాను.

"శానా ఉండాయి తాతా. ఈసారి ఒత్తులతో సహా రాసుకుంటానంటేనే చెప్తా" అంది.